బందరు రోడ్డులో పచ్చి చేప

పటమట, విజయవాడ
నవంబరు 10

ఒరే శౌరయ్యా,

ఫోను చెవి దగ్గర పెట్టగానే నీ చెవి మిషను ఈల వేస్తోందని, ఇకమీద ఏ సంగతైనా కాగితం మీద రాయమని హుకుం జారీ చేశావు. నలభై ఏళ్ళు ఆటోనగర్‌లో ఇంజన్లు విప్పి బిగించిన చేతులివి. వీటికి స్పానరు తెలుసుగానీ పెన్ను తెలియదు. అయినా ముప్పై మూడేళ్ళు తెలుగు మాస్టారుగా పామర్రు పిల్లల్ని హడలగొట్టినవాడి మాట కాదనలేక రాస్తున్నాను. తప్పులు దిద్ది వెనక్కి పంపావంటే ఇదే ఆఖరి ఉత్తరం.

మొన్న శనివారం మా మనవరాలు సింధూరి మొదటి జీతం అందుకుంది. ఆ సంబరంలో నన్నూ మీ చెల్లెమ్మ రాజ్యలక్ష్మినీ బందరు రోడ్డులో కొత్తగా పెట్టిన జపాను హోటలుకి లాక్కెళ్ళింది. దాని పేరు ఇక్కడ రాద్దామని రెండుసార్లు ప్రయత్నించి మానుకున్నాను. అక్కడ పచ్చి చేప పెడతారు. పచ్చి అంటే పొయ్యి మొహం చూడని చేప.

శనివారం మీ చెల్లెమ్మ నీచు ముట్టదని నీకు తెలుసు. వెంకన్న వారం. ఆ రోజు మా ఇంట్లో గుడ్డు పెంకు కూడా ఉండకూడదు. సింధూరికి ఆ సంగతి హోటలు మెట్లెక్కాక గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. సరే, వచ్చాం కదా, మంచినీళ్ళు తాగి పోదామని లోపలికెళ్ళాం.

లోపల వంటిల్లంటూ వేరే లేదు. బారెడు పొడుగు చెక్క బల్ల, దానికి అవతల వంట చేసే మనిషి, ఇవతల తినేవాళ్ళు. తెల్ల టోపీ, మూతికి గుడ్డ. మేం నోరు విప్పకముందే ఆ మనిషి బల్ల కిందనుంచి తెల్లగుడ్డలో చుట్టిన వేరే పీట, వేరే కత్తి తీసి, "ఇవి శనివారం కోసమే. వీటికి నీచు తగల్లేదు" అని మీ చెల్లెమ్మ ముందు పెట్టారు. రాజ్యం మొహం చూడాలి నువ్వు.

కీరదోస ముక్క చుట్టూ అన్నం, అన్నం చుట్టూ నల్ల కాగితం లాంటిది చుట్టి, బిళ్ళలు బిళ్ళలుగా కోసి ఇచ్చారు. ఆ నల్లది సముద్రపు నాచట. "నాచైతే ఆకుకూరే కదా" అని మీ చెల్లెమ్మ తనకు తానే తీర్పు చెప్పుకుని ఒకటి నోట్లో వేసుకుంది. కాసేపు నమిలి, "పులిహోర కలిపి తాలింపు మర్చిపోయారండీ" అంది. అలా అంటూనే పద్దెనిమిది బిళ్ళలు తింది. నేను లెక్కపెట్టలేదు, సింధూరి పెట్టింది.

నాకు శనివారాల నియమం పెళ్ళయిన ఏడాదికే సడలింది కాబట్టి నేను చేప తిన్నాను. పక్కన చిన్న ఆకుపచ్చ ముద్ద పెట్టారు. గోంగూర తినే ప్రాణానికి ఇదొక లెక్కా అని మొత్తం ఒకేసారి నోట్లో వేశాను. మన కారం నాలుకతో మాట్లాడుతుంది. అది ముక్కులోంచి నేరుగా నెత్తికెక్కింది. చచ్చిపోయిన మా నాన్న కనపడ్డాడు. పుల్లలతో తినడం రాక తంటాలు పడుతుంటే, చేత్తో తినడం కూడా వాళ్ళ పద్ధతేనని చెప్పారు. అప్పటిదాకా ఎందుకు చెప్పలేదో.

మీ బ్లెస్సీ కులాసాగా ఉంది, మొన్న కనపడింది. గుణదల తిరునాళ్ళకి నాన్న వస్తారా అని అడిగింది. చెల్లెమ్మ అమలమ్మకు నమస్కారాలు.

నీ
వెంకటప్పయ్య


పామర్రు
నవంబరు 19

ప్రియమైన వెంకటప్పయ్యకు,

ఉత్తరం అందింది. తప్పులు పదకొండు. స్నేహధర్మం కొద్దీ దిద్దలేదు.

నీ పచ్చిచేప పురాణం అమలకు చదివి వినిపించాను. ముద్ద నోట్లో వేసుకున్న ఘట్టం దగ్గర నేను నవ్వలేక చస్తుంటే, ఆవిడ స్టవ్వు ఆపి వస్తానని వంటింట్లోకి వెళ్ళింది. స్టవ్వు వెలిగించనేలేదు. ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది.

ఒక సందేహం. మీరు నోరు విప్పకముందే మీ ఇంటి శనివారం సంగతి ఆ వంటవాడికెలా తెలిసింది? సమాధానం రాయి. ప్రశ్న దాటవేస్తే మార్కులు పోతాయి.

మా బ్లెస్సీ కూడా ఆ బందరు రోడ్డులోనే ఏదో పెద్ద హోటల్లో చేస్తోంది. పేరు చెప్పింది, నాకూ నోరు తిరగలేదు. ఆఫీసులో కంప్యూటరు ముందు ఉద్యోగం. ఏసీ గది. బెంగుళూరులో మూడేళ్ళ ట్రైనింగు అయ్యాక ఇంత దగ్గరికి రావడం మరియతల్లి దయ.

మా అమ్మ సంగతి నీకు తెలియనిది కాదు. ముప్పై ఏళ్ళు పామర్రు బజార్లో గోనెపట్టా మీద కూర్చుని జనానికి చేపలు కోసి ఇచ్చింది. ఆవిడ వేళ్ళమీద గీతలకంటే గాట్లే ఎక్కువ. నాకు ఉద్యోగం వచ్చిన రోజు ఆవిడ కత్తిపీట నేనే తీసుకెళ్ళి పాత ఇనుప కొట్లో వేసి వచ్చాను. ఈ ఇంట్లో ఇక ఎవరూ చేప కోయరు, కోయించుకు తింటారు అన్నాను. ఆ మాట నా కూతురి దగ్గర నెరవేరింది. నాకు జీవితంలో అంతకంటే గొప్ప సంగతి లేదు.

బ్లెస్సీకి చెప్పు, తిరునాళ్ళకి ఎప్పటిలాగే వస్తాను.

శౌరయ్య


పటమట
డిసెంబరు 6

ఒరే మాస్టారూ,

నీ ప్రశ్నకు జవాబు: మీ చెల్లెమ్మ నుదుట నామం బొట్టు చూసి కనిపెట్టి ఉంటారు. మార్కులు వెయ్యి.

ఈసారి ఆటోనగర్ బృందం వెళ్ళింది. పెయింటర్ కృపానందం, సీటు కవర్లు కుట్టే యేసుకుమార్, నేను, ఇంకో ముగ్గురు. నా మాటలు విని, ఆ ముద్ద సంగతేంటో తేల్చుకుంటామని బయల్దేరారు. ముగ్గురు నెగ్గారు, ఇద్దరు ఏడ్చారు. కృపానందం మాత్రం తెలివిగా తన పళ్ళెంలోది అంతా పార్సిలు కట్టించుకుని ఇంటికి పట్టుకెళ్ళాడు. వాళ్ళావిడ దాన్ని చూసి, "పాపం, మంట అయిపోయిందేమో, ఉడక్కుండా పంపారు" అని చింతపండు పిసికి పులుసు పెట్టేసింది. అన్నం విడిపోయి, నాచు కరివేపాకులా తేలిందట. చాలా బాగుందని, మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నారని అడిగిందట.

అక్కడ చోట్లకి ఎంత పోటీయో తెలుసా. మెత్తటి సోఫాలు ఖాళీగానే ఉంటాయి. అందరికీ ఆ చెక్క బల్ల దగ్గరే కావాలి, కోసే మనిషికి ఎదురుగా. మేమూ అరగంట నిలబడి ఆ చోటే పట్టాం. నేను మిషన్ల మనిషిని, పనితనం చూస్తే నా కన్ను ఆగిపోతుంది. ఆ కత్తి ఉందే, ముందుకీ వెనక్కీ రంపంలా ఆడదు. తనవైపు ఒక్క లాగు, అంతే, ముక్క విడిపోతుంది. అన్ని ముక్కలూ ఒకే మందం. లేతు మిషను మీద కూడా అంత సమంగా రావడానికి నాకు పదేళ్ళు పట్టింది. ఇంకోటి గమనించాను. కొత్త చేప పీట మీద పెట్టిన ప్రతిసారీ, కత్తి పట్టేముందు, బొటనవేలితో చేప తల ఉండేచోట చిన్న సిలువ గుర్తు వేసి మొదలుపెడతారు. రెప్పపాటు పని. చూసేవాడికి చెయ్యి తుడుచుకున్నట్టే ఉంటుంది. నాకు ముచ్చటేసింది.

చలి మొదలైంది. నీ మోకాళ్ళు జాగ్రత్త. క్రిస్మస్ అరిసెలు నా వాటా ఎప్పటిలాగే పంపు.

వెంకటప్పయ్య


పామర్రు
డిసెంబరు 29

వెంకటప్పయ్యకు,

అరిసెలు బ్లెస్సీ చేత పంపాను. అంది ఉంటాయి.

పండక్కి అది రెండు రోజులుంది. నీ ఉత్తరం అంతకు పదిరోజుల ముందే వచ్చింది. చదివినప్పటినుంచి నాకు నిద్ర లేదు. అయినా ఏమీ అడగలేదు. క్రిస్మస్ నాడు పలావుకి ఉల్లిపాయలు తరుగుతుంటే వాకిట్లోంచి చూశాను. తనవైపు ఒక్క లాగు. నువ్వు రాసింది రాసినట్టే.

ఆ సిలువ మా అమ్మది. రోజూ మొదటి చేప తలమీద బొటనవేలితో వేసేది. మా నాన్నకీ నాకూ తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదనుకున్నాను. బ్లెస్సీకి పదేళ్ళప్పుడు మా అమ్మ పోయింది. నేను బడికి వెళ్ళాక నాయనమ్మా మనవరాలూ పెరట్లో ఏం చేసేవాళ్ళో నాకిప్పుడు అర్థమవుతోంది.

నీమీద నాకు కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉంది. మిగతావాళ్ళు దాచారంటే వాళ్ళకి నా బాధ తెలియదు. నీకు తెలుసు. ఆరో తరగతిలో తెల్లవారుజామునే అమ్మతో బజారుకెళ్ళి చేపలు కడిగి, అటునుంచి అటే బడికొచ్చేవాణ్ణి. చింతపండుతో తోమినా, నిమ్మాకు నలిపి రుద్దినా చేతుల వాసన పోయేది కాదు. మన బెంచీలో ముగ్గురూ లేచి వెనక్కి వెళ్ళిపోయారు. నువ్వొక్కడివే నా పక్కకి జరిగావు. ఆ వాసన ఎంత దూరం నెడుతుందో చూసినవాడివి, నా కూతురు అందులో చేతులు పెడుతుంటే ముచ్చటేసిందని రాస్తావా?

కొన్నాళ్ళు ఉత్తరాలు వద్దు.

శౌరయ్య


పటమట
జనవరి 5

శౌరయ్యా,

వద్దన్నా రాస్తున్నాను. చించేసినా సరే, చదివి చించు.

ఆ సిలువ మీ అమ్మదని నాకు తెలియదురా. మా ఇంట్లో చేపలు కొనేది మా అమ్మ, నేను తినేవాణ్ణి. తెలిసుంటే రాసేవాణ్ణి కాదు. నా నోటి దూలకి మా ఆవిడ నాలుగు రోజులుగా మాట్లాడటం లేదు.

ఇక జరిగింది జరిగినట్టు చెప్తాను. మొదటి రోజే, శనివారం పీట తీసినప్పుడే, మీ చెల్లెమ్మ గొంతు పోల్చింది. "బ్లెస్సీవి కదే" అంది. అది మూతి గుడ్డ కిందికి లాగి, "అవును పెద్దమ్మా. నాన్నకి చెప్పొద్దు, నేనే చెప్తాను. పెదనాన్నా, మీరు ఒట్టెయ్యాలి" అని చెయ్యి చాపింది. వేశాను. తర్వాత ఆ చేతి పనితనం చూసి, నీకు చెప్పకుండా ఉండలేక, మనిషి పేరు లేకుండా పనంతా రాశాను. నేను చేసిన తప్పు అదీ.

నీకు తెలియనిది ఇంకొకటుంది. పెద్ద వంటమనిషి ఢిల్లీ వెళ్ళిపోతున్నాడు. ఆ బల్ల మొత్తం బ్లెస్సీకి అప్పగిస్తామన్నారు. దాని ఫొటో పెద్ద బోర్డు మీద వేయించి బెంజి సర్కిల్ దగ్గర పెడతారట. పామర్రు బస్సు రోజూ వచ్చే దారి. అది యజమానితో ఏమందో తెలుసా? "మా నాన్న ఒకసారి వచ్చి నా చేత్తో పెట్టింది తిని, సరే అంటేనే. ఆయన వద్దంటే ఈ కత్తి పెట్టేసి ఆఫీసు సీట్లోకి మారిపోతాను. ఆయన అందరికీ చెప్పుకుంటున్న ఉద్యోగం అదే కాబట్టి" అంది. ఫిబ్రవరి ఆఖరుదాకా గడువు అడిగింది.

నేను కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేస్తున్నాను, ఏమీ అనుకోకు. ఆ పని మాన్పిస్తే అది మానేస్తుంది. నీ మాట జవదాటదు. కంప్యూటరు ముందు కూర్చుంటుంది, జీతం తెస్తుంది, నీకు క్రిస్మస్‌కి చొక్కా కొంటుంది. కానీ నేను చూసిన ఆ పిల్ల ఇక ఉండదు. నలభై ఏళ్ళలో వందమంది కుర్రాళ్ళకి పని నేర్పాను. చేతిలో అంత వెలుగున్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో.

తిరునాళ్ళకి వస్తావు కదా. కొండ దిగాక పది నిమిషాలు నాతో రా. అంతే అడుగుతున్నాను.

వెంకటప్పయ్య


పామర్రు
జనవరి 24

వెంకటప్పయ్యకు,

నీ ఉత్తరం అమలకు చదివాను. ఈసారి స్టవ్వు దగ్గరికి పోలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "నాకు మొదటినుంచీ తెలుసండీ" అంది. కంటి డాక్టరుకి చూపించుకోవాలని మూడుసార్లు విజయవాడ వచ్చింది కదా, ఆ మూడుసార్లూ అక్కడే కూర్చుని తిన్నదట. కళ్ళు చక్కగా కనపడుతున్నాయట. పెద్ద రొయ్యతో చేసేది చాలా బాగుంటుందని నాకు సిఫారసు కూడా చేసింది. అంటే మా ఇంట్లో తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. ముప్పై మూడేళ్ళు పిల్లలు కాపీ కొడితే వెనకనుంచి పట్టుకున్నానని గొప్పలు పోయేవాణ్ణి.

తిరునాళ్ళకి వస్తాను. హోటలు సంగతి మాట ఇవ్వలేను. బలవంతపెట్టకు.

శౌరయ్య


పటమట
ఫిబ్రవరి 12

శౌరయ్య మాస్టారికి,

మాస్టారని మర్యాదగా పిలిచాను. అంటే నాకెంత కోపంగా ఉందో తెలుసుకో.

నిన్న గుణదలలో అంత జనంలో నిన్ను వెతికి పట్టుకున్నాను. కొవ్వొత్తులు వెలిగించావు, కొబ్బరికాయ కొట్టావు, పూజ అంతా మోకాళ్ళమీదే విన్నావు. కొండ దిగాం. "మంచినీళ్ళు కొనుక్కొస్తాను, ఇక్కడే ఉండు" అన్నావు. గంటసేపు ఆ చెప్పుల కొట్టు ముందు నిలబడ్డాను. చివరికి చెల్లెమ్మ అమలమ్మ ఫోన్ చేసి, ఆయన పామర్రు బస్సులో ఉన్నారు అన్నయ్యా అని చెప్పింది. అరవై ఏడేళ్ళొచ్చి బడి ఎగ్గొట్టినట్టు పారిపోతావా?

బ్లెస్సీ బల్లకి మధ్యలో ఒక కుర్చీ నీకోసం ఉంచింది. మధ్యాహ్నం నుంచి హోటలు మూసేదాకా ఎవర్నీ కూర్చోనివ్వలేదు. యజమాని వచ్చి చూసి, ఆ కుర్చీ అలాగే ఉండనిచ్చాడు. నేను మొహం చూపించలేక వెళ్ళి నిలబడితే, "పోన్లెండి పెదనాన్నా, నాన్నకి మోకాళ్ళ నొప్పి కదా" అని నాకే సర్దిచెప్పింది.

ఇంక నేను చెప్పేది లేదు. గడువు పదిహేను రోజులుంది. నీ ఇష్టం.

వెంకటప్పయ్య


పామర్రు
ఫిబ్రవరి 28

ఒరే వెంకటప్పయ్యా,

పారిపోయిన మాట నిజం. కొండమీద అమ్మవారి ముందు మోకరిల్లినప్పుడు వస్తాననే అనుకున్నాను. దిగేటప్పటికి ధైర్యం దిగిపోయింది. నీతో కలిసి వెళితే నేను తండ్రిగా వెళ్ళినట్టు. తండ్రి ఏం పెట్టినా బాగుందనాలి, లేదా లేచి రావాలి. రెండూ నావల్ల కాదు. ఎవరో దారిన పోయేవాడిలా వెళ్ళి చూడాలనిపించింది. అందుకని నిన్న శుక్రవారం పొద్దున బస్సెక్కాను. ఈస్టరు ముందు తపస్సుకాలం, మాంసం మానేశాం. చేపకి అడ్డు లేదు. అమలకు బ్యాంకు పని అని చెప్పాను. ఆవిడ నవ్వి, ఇస్త్రీ చొక్కా తీసి ఇచ్చింది.

గుమ్మం దగ్గర అమ్మాయి, "బల్ల దగ్గర ఖాళీ లేదు సార్, సోఫాలో కూర్చుంటారా?" అంది. ఆగుతానన్నాను, బల్ల దగ్గరే కావాలన్నాను. బయట బెంచీ మీద నాలాంటివాళ్ళు ఏడుగురు ఎదురుచూస్తున్నారు. నా పక్కన గుడివాడ లాయరుగారు, ఆయన భార్య, ఏడేళ్ళ పాప. లోపల సోఫా ఇస్తామని రెండుసార్లు పిలిచారు. ఆ పాప కదల్లేదు. "నేను ఆ అక్క ఎదురుగానే కూర్చుంటా. అక్క కోస్తుంటే చూడాలి" అని వాళ్ళ నాన్న చొక్కా పట్టుకు వేలాడింది. లాయరుగారు నావైపు తిరిగి, "పోయినసారి కూడా ఇంతేనండి, ముప్పావుగంట కూర్చోబెట్టింది మమ్మల్ని" అన్నాడు.

నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. యాభై ఆరేళ్ళుగా నా లోపల ఒక బెంచీ ఖాళీగా ఉంది. చేప కోసేవాళ్ళకి దూరంగా జరిగే జనమే నాకు తెలుసు. దగ్గర కూర్చోవడానికి వంతు కోసం కూర్చునే జనం కూడా ఉంటారని ఎవరు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు. నువ్వు రాసినా నమ్మలేదు. నా కళ్ళతో చూశాను. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. సిగ్గు కూడా వేసింది.

మా వంతు వచ్చింది. లాయరుగారి పాప మధ్యలో, నేను చివర. బ్లెస్సీ తల వంచుకుని పనిలో ఉంది. కొత్త చేప తెచ్చి పీట మీద పెట్టింది. బొటనవేలు కదిలింది. తల ఎత్తి నన్ను చూసింది.

నువ్వయితే అక్కడ కన్నీళ్ళూ కౌగిలింతలూ రాసేవాడివి. అవేమీ లేవు. కళ్ళు మాత్రం రెండింతలయ్యాయి. ఒక్క క్షణం చూసి, అందరినీ అడిగినట్టే, "ఏం పెట్టమంటారండీ?" అంది. "నీకు ఏది బాగా వస్తే అది పెట్టమ్మా" అన్నాను.

పండుగప్ప కోసింది. నేను తినడానికి వచ్చానా, పరీక్ష పెట్టడానికి వచ్చానా అన్నట్టు చూస్తూ కూర్చున్నాను. అమ్మ ఎప్పుడూ ఒక మాట అనేది, కోత మీద కోత పడితే చేపకి అవమానం అని. ఒక్కసారి కూడా పడలేదు. నేను ఎదురుగా ఉన్నా చెయ్యి ఆగలేదు, తొందరా పడలేదు. పాపకి రెండు, లాయరుగారికీ ఆయన భార్యకీ రెండేసి, నాకు రెండు. అమ్మ కూడా అంతే, బేరం మధ్యలో మునసబుగారు వచ్చి నిలబడ్డా వరస తప్పేది కాదు. వెంకటప్పయ్యా, నేను పాత ఇనుప కొట్లో వేసింది కత్తిపీటనే. పని మాత్రం నాకు దొరక్కుండా ఆవిడ మనవరాలి చేతిలోకి దాటించేసింది. అందుకు మొన్నటిదాకా కోపం. నిన్న ఆ బల్ల దగ్గర కూర్చుని ఆవిడకి మనసులోనే దండం పెట్టాను.

చేత్తోనే తిన్నాను. మొదటి ముక్కకే భయం పోయిందని రాస్తే అబద్ధం. రెండో ముక్కకి పోయింది. చేప వెన్నలా ఉంది, కింద అన్నం గోరువెచ్చగా ఉంది. ఆకుపచ్చ ముద్దని తాకలేదు, నీ అనుభవం చదివినవాణ్ణి. మాస్టారి బుద్ధి ఎక్కడికి పోతుంది, "అన్నంలో పులుపు ఒక పిసరు ఎక్కువైంది" అన్నాను. "పెద్దమ్మేమో తాలింపు లేదంటుంది, మీరేమో పులుపంటారు. నేనెక్కడికి పోయేది నాన్నా" అంది. నాన్నా అన్నాక ఇద్దరం నవ్వాం. అప్పుడు కళ్ళనీళ్ళొచ్చాయి, ఒప్పుకుంటున్నాను. మూతి గుడ్డ తడిసిపోయి ఇంకోటి మార్చుకు వచ్చింది. రాగానే చేతులు కడుక్కుని, నా ముందు రొయ్య పెట్టింది. అమల చెప్పింది నిజమే, అదే అన్నిటికంటే బాగుంది.

బోర్డు సంగతి అది ఎత్తలేదు. నేనే అన్నాను, పెట్టించమ్మా, ఫొటోలో కత్తి కూడా పడేలా తీయించు అని.

లాయరుగారు ఇదంతా చూస్తున్నాడు. నేను లేవబోతుంటే, "మీ అమ్మాయా మాస్టారూ? చెప్పనేలేదు. మీ ఇంట్లో ఎవరన్నా ఈ లైన్లో ఉన్నారాండీ, లేకపోతే ఇంత చిన్న వయసులో ఈ చెయ్యి ఎలా వచ్చింది?" అని అడిగాడు. బల్ల దగ్గరున్నవాళ్ళంతా నావైపు చూశారు. బ్లెస్సీ చెయ్యి అప్పుడు ఆగింది.

"మా అమ్మండి" అన్నాను. "శౌరమ్మ అని, పామర్రు బజార్లో చేపలు కోసేది. ఇది ఆవిడ మనవరాలు."

నీ
శౌరయ్య